సాతంరాయి మరువం

సాతంరాయి,
4 జూలై 2010

పూర్ణిమా,

నువ్వు టీచరుగా చేరినట్టు రాసిన కార్డు అందింది. మీ ఆశ్రమ పాఠశాల దగ్గర ఫోన్ పలకదని చెబితే మామ తన సెల్‌ను అరచేతిలో తట్టి తట్టి చూశాడు, లోపం దీనిదేనేమోనని. పలికినా నాకేం లాభం? అది ఎప్పుడూ ఆయన జేబులోనే ఉంటుంది. నీతో చెప్పుకోవలసినవి ఆయన ముందు ఎట్లా చెప్పుకుంటాను? ఉత్తరాలే నయం.

వాన బాగా పడింది. కోసేసిన మరువం మోళ్ళన్నీ మళ్ళీ చిగురు పెట్టాయి. సొంత భూమి ఎయిర్‌పోర్టులో కలిసిపోయిననాడు మీ బాపు మూటగట్టుకుని తెచ్చిన కొమ్మలు ఈ కౌలు చెల్కలో ఎంత ఒత్తుగా అల్లుకున్నాయో నువ్వు చూడాలి. కోత ఉన్నరోజు తెల్లారకముందే దశరథం ట్రాలీ ఆటో వచ్చి కట్టలను పూలమార్కెట్‌కు తీసుకుపోతుంది. తొండుపల్లి దశరథం గుర్తున్నాడా? మీ అన్నతో కలిసి బండి నేర్చుకున్నవాడు. భార్య పోయాక బక్కచిక్కిపోయాడు.

మొన్న ఒక తమాషా జరిగింది. ఎయిర్‌పోర్టు పక్కన కొత్తగా తెరిచిన హోటల్లో వంట చేసే తాహెర్ అనే అతను స్కూటర్ మీద వచ్చాడు. గట్టు మీద కూర్చుని ఒక రెమ్మ తుంచి నోట్లో వేసుకుని నమిలాడు! మామ నోరు తెరిచాడు.

"ఏంది తమ్మీ, ఆకలైతుందా?" అని అడిగాడు.

"కాదు పెద్దాయనా, మాకు గిదే కావాలె. విమానాల్ల వచ్చేటోళ్ళకు ఆలుగడ్డల మీద, మాంసంల ఏస్తం. యాడికెల్లో ఎండుది తెప్పిస్తున్నం. పక్కనే పచ్చిది ఉండంగ గంత పరేషాన్ ఎందుకు?"

"దేవుని మెడల ఏసే ఆకు, గిన్నెల ఏస్తవా?"

"కొత్తిమీర గూడ ఆకే గద!"

"కొత్తిమీరను దండల గుచ్చుతమా మరి?"

ఎవరూ గెలవలేదు. తాహెర్ నవ్వుకుంటూ పోయాడు. నేను రోడ్డు మలుపు దగ్గర ఎదురుపోయి ఒక కట్ట అతని చేతిలో పెట్టాను. మామకు చెప్పకు.

ఇంకో సంగతి. పక్కింటి పోచమ్మ బిడ్డ పెళ్ళికి దండల్లోకి మన మరువమే పోయింది. కట్టడానికి నేనూ కూర్చున్నాను. పోచమ్మ వచ్చి, "నువ్వు జర పక్కకు జరుగు బిడ్డా. పెండ్లి దండ గద, నేను కడత" అన్నది. మెల్లగానే అన్నది. లేచి వచ్చేశాను. నాటడానికి, కోయడానికి పనికొచ్చిన చేతులు దారం దగ్గరికి వచ్చేసరికి పనికిరాకుండా పోయాయి. మామ అడిగితే తలనొప్పి అని చెప్పాను.

వానలో తడవకు. నీకు జలుబు చేస్తే తొందరగా వదలదు.

నీ వదిన,
సంతోషి


ఉట్నూరు,
25 జూలై 2010

వదినా,

ఇక్కడ బస్సే పోస్టాఫీసు. డ్రైవర్ నీ కవరును కిటికీలోంచి ఊపుతూ వచ్చాడు. మా వార్డెన్ తారాబాయికి తాహెర్ ముచ్చట చదివి వినిపిస్తే ఆమె కూడా బాపు పక్షమే పట్టింది. మరువం తినడమేమిటి, రేపు మల్లెపూలు వేపుడు చేస్తారా అంటుంది.

పోచమ్మ అన్న మాట దగ్గర మాత్రం ఆగిపోయాను. అది ఆమెకు చదివి వినిపించలేదు.

ఒకటి చెబుతాను, కోపం తెచ్చుకోకు. ఆ ఇల్లు, ఆ తోట వదిలెయ్ వదినా. నీ వయసెంతని? అన్న పోయాడని నువ్వు ఆ మళ్ళ మధ్యే ముసలిదానివి కావాల్సిన పని లేదు. నీకంటూ వేరే బతుకు చూసుకో. బాపుకు నేను నచ్చజెబుతాను. ఆయన మనసులో కూడా ఇదే ఉందని నా అనుమానం, పైకి చెప్పడం చేతగాక ఊరుకున్నాడు. ఇంతకన్నా విడమరిచి రాయాలంటే నాకే సిగ్గుగా ఉంది. నువ్వు అర్థం చేసుకుంటావు.

మా పిల్లలు మరువం ఎప్పుడూ చూడలేదట. నాలుగు కొమ్మలు పంపగలవా? బడి ముందు నాటిస్తాను.

పూర్ణిమ


సాతంరాయి,
22 ఆగస్టు 2010

పూర్ణిమకు,

ఉత్తరం అందింది. అర్థమైంది.

నీ ఉత్తరం రావడానికి ముందురోజే చెల్క పట్టాదారు కొడుకులు కారులో వచ్చారు. మామ వాళ్ళతో గట్టు మీద చాలాసేపు మాట్లాడాడు. నేను దగ్గరికి పోతే మాట మార్చాడు. ఇంటికొచ్చాక అడిగితే, "ఏం లేదు బిడ్డా, ఊకెనే అచ్చిండ్రు" అన్నాడు. మర్నాడు నీ ఉత్తరం. తోట వదిలెయ్, ఇల్లు వదిలెయ్ అని. తండ్రీకూతుళ్ళ ఆలోచన ఒకటే అయ్యాక మధ్యలో నేనెందుకు అడ్డుపడాలి? సరే. షాద్‌నగర్‌లో మా అన్నలకు కబురు చేశాను.

నువ్వు అడిగిన కొమ్మలు తడి గోనెలో చుట్టి ఈ ఉత్తరంతోపాటే బస్సుకు ఇస్తున్నాను. ముదురువీ కాదు, మరీ లేతవీ కాదు, మధ్యరకం చూసి కోశాను. అడుగు ఆకులు దూసేసి కణుపు మునిగేదాకా ఇసుక కలిపిన మట్టిలో గుచ్చు. వేళ్ళు పట్టేదాకా నీడ ఉండాలి. నీళ్ళు నిలిస్తే బతకదు. మరువానికి ఎండ కన్నా తడే శత్రువు. చిగురు వచ్చాక కొసలు తుంచుతూ ఉంటే పక్కలకు పిలకలు వేస్తుంది. మొగ్గ కనిపించకముందే కోయాలి, పూస్తే ఆకులో వాసన తగ్గిపోతుంది. ఇది ఏటా నాటే పంట కాదు. మంచిగా చూసుకుంటే అదే మోడు ఏళ్ళతరబడి చిగురుస్తుంది.

అన్నీ రాశాను. ఇక నన్ను అడగాల్సిన అవసరం ఉండదు.

సంతోషి


ఉట్నూరు,
19 సెప్టెంబర్ 2010

నా బంగారు వదినా,

సరే అన్నావు! ఆ ఒక్క ముక్క ఎన్నిసార్లు చదువుకున్నానో. నువ్వు తిడతావని భయపడుతూ కవరు చింపాను. మీ అన్నలకు కూడా కబురు చేశానన్నావు, అది ఇంకా మంచి పని. పుట్టింటివాళ్ళు పెద్దమనుషులుగా నిలబడితే రేపు ఎవరూ వేలెత్తి చూపరు.

నీ కొమ్మల కథ మాత్రం విషాదం. నీళ్ళు నిలవొద్దని పిల్లలకు చెప్పాను. కానీ ప్రతి పిల్లా పక్కపిల్ల పోసిందో లేదోనని తానొక చెంబు పోసింది. అందరి ప్రేమా కలిసి కొమ్మలన్నీ నల్లబడి కుళ్ళిపోయాయి. ఒక్కటి మాత్రం గోడవారగా ఎవరికీ కనబడకుండా ఉండి బతికింది. తారాబాయి ఇప్పుడు దానికి కాపలా.

బాపుకు ఈ రోజే విడిగా ఉత్తరం రాస్తున్నాను. నువ్వు ఒప్పుకున్న సంగతి నీ నోటితో చెప్పలేవు, నాకు తెలుసు. ఆ భారం నాది.

నీ పూర్ణిమ


సాతంరాయి,
10 అక్టోబర్ 2010

పూర్ణిమా,

మీ బాపుకు చదువు రాదన్న సంగతి ఎట్లా మరిచిపోయావు? ఈ ఇంట్లో ఉత్తరం చదివేది నేనొక్కదాన్నేనని నీకు తెలియదా?

ఆ సాయంత్రం చెల్క నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని అరుగు మీద కూర్చున్నాడు. బిడ్డ తన పేరు మీద ఉత్తరం రాసిందని ఎంత సంబరమో. "సదువు బిడ్డా, ఏం రాసింది?" అన్నాడు. విప్పి చదవడం మొదలుపెట్టాను. "బాపూ, వదిన మారుమనువుకు ఒప్పుకున్నది..."

అక్కడ చదవడం ఆపేశాను.

"ఆగినవేంది? సదువు."

చదివాను. నువ్వు అడ్డుచెప్పకు అని, కన్నబిడ్డను పంపినట్టు పంపు అని, నువ్వు రాసినవన్నీ నా నోటితోనే ఆయనకు వినిపించాను. నా పెళ్ళి సంగతి నేనే, నాకే తెలియని సంగతి, మా మామకు చదివి చెప్పాను.

అంతా విని అడిగాడు. "పిలగాడు ఎవరు?"

"ఎవ్వరు లేరు మామా."

"ఎవ్వరు లేకుంటె ఎట్ల ఒప్పుకున్నవ్?"

"నేనేడ ఒప్పుకున్న? మీరిద్దరు గలిసి చెల్క ఇడిశిపెట్టి నన్ను అన్నల ఇంటికి తోలుతున్నరనుకున్న. గందుకే సరే అన్న."

"చెల్క ఇడిసేదేంది? ఆళ్ళు పలాట్లు చేస్తం, ఖాళీ చేయి అన్నరు. నా కోడలు మొన్ననే కొత్త మళ్ళు ఏసింది, జర కొన్నొద్దులు ఆగుండ్రి అని బతిలాడిన. నీకు చెప్తె దిగులు పెట్టుకుంటవని చెప్పలె."

అప్పుడు అర్థమైంది నాకు, నువ్వు వదిలెయ్ అన్నది ఎందుకో. సిగ్గు, కోపం, నవ్వు మూడూ ఒక్కసారే వచ్చాయి. మామ మాత్రం నవ్వలేదు. కండువా దులుపుకుని లేచాడు.

"పోవాలనుంటె పో బిడ్డా, నేనద్దన. కని నాకు నువ్వు చెప్పాలె. గిట్ల కాయితంల చదివిచ్చుకుని తెలుసుకునుడు కాదు."

మా అన్నలను రావద్దని మళ్ళీ కబురు చేశాను. ఆ రోజు నుంచి మామ పెట్టింది తింటున్నాడు, చెల్కకు పోతున్నాడు, నాతో రెండు మాటలు మించి మాట్లాడడం లేదు. నువ్వు నా మంచే కోరావు. కానీ నాకేం కావాలో నన్ను అడగలేదు. పోచమ్మ పక్కకు జరుగు అన్నది, నువ్వు ఇంకో ఇంట్లోకి జరుగు అన్నావు.

సంతోషి


ఉట్నూరు,
31 అక్టోబర్ 2010

వదినా,

తప్పయింది. ఎందుకట్లా చేశానో సంజాయిషీ రాద్దామని మొదలుపెట్టి చించేశాను. అది కూడా నా గురించే అవుతుంది.

ఇప్పుడైనా అడుగుతున్నాను. నీకేం కావాలి? నెమ్మదిగా చెప్పు. నువ్వు ఏం చెప్పినా సలహా ఇవ్వను, ఎవరికీ ఉత్తరం రాయను.

పూర్ణిమ


సాతంరాయి,
23 జనవరి 2011

పూర్ణిమా,

నీ ప్రశ్నకు జవాబు వెంటనే దొరకలేదు. కోపంతో రాయడం మానేశానని అనుకున్నావేమో, కాదు. ఇంతవరకు ఆ మాట నన్నెవరూ అడగలేదు, అందుకే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

నాకు మరువం పని కావాలి. పొద్దున్నే మంచులో మళ్ళలోకి దిగితే చీరకుచ్చిళ్ళకు తగిలి వాసన లేస్తుంది చూడు, ఆ ఘడియలో నేను ఎవరి పెళ్ళాన్నో, ఎవరి విధవనో గుర్తుండదు. అది కావాలి. మామ మళ్ళీ నాతో మాట్లాడాలి అనుకున్నాను. అది మాత్రం తీరింది, అదీ తాహెర్ పుణ్యాన.

అతను డబ్బాలో వేయించిన ఆలుగడ్డలు తెచ్చాడు, మన మరువం చల్లినవి. "మాంసం ముట్టలె పెద్దాయనా, కొత్త గిన్నెల చేసిన" అన్నాడు. మామ ఒకటి నోట్లో వేసుకున్నాడు. తర్వాత ఇంకొకటి. డబ్బా సగమయ్యాక నా వైపు తిరిగి, "మంచిగనే ఉంది గద బిడ్డా. కని మనింట్ల ఒండకు" అన్నాడు. అన్ని రోజుల తర్వాత నన్ను చూసి నవ్వాడు. మర్నాడు చెల్కకు మధ్యలో గట్టు వేశాడు. రోడ్డు వైపు మళ్ళు హోటల్‌కు, లోపలివి దేవుడికీ దండలకూ. ఒక మడిలో వాడిన కొడవలి ఇంకో మడిలో పెట్టనివ్వడు.

ఇంకొకటి ఉంది. నువ్వు ఎవరికీ ఉత్తరం రాయనన్నావు కాబట్టి చెబుతున్నాను. మొన్న కట్టలు ఎక్కించాక దశరథం బండి స్టార్ట్ చేసి మళ్ళీ ఆపేశాడు.

"నాకు సుట్టు తిప్పి మాట్లాడరాదు. నన్ను చేసుకుంటవా? ఇష్టముంటె చెప్పు, లేకుంటె లేదను. బండి మాత్రం రేపు గూడ అస్తది" అన్నాడు.

మామను విడిచి ఎక్కడికీ రానని చెప్పాను. తలూపి వెళ్ళిపోయాడు. మర్నాడు బండి వచ్చింది. ఏమీ అడగలేదు. నాకు కోపం రాలేదు పూర్ణిమా. కోపం రానందుకే భయం వేసింది. మీ అన్న ఫోటో ముందు దీపం పెడుతూ చాలాసేపు నిలబడ్డాను.

సలహా ఇవ్వకు. మాట తప్పకు.

నీ వదిన,
సంతోషి


సాతంరాయి,
16 అక్టోబర్ 2011

పూర్ణిమా,

సకల జనుల సమ్మెలో బస్సులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఈ ఉత్తరం ఎప్పుడు కదులుతుందో తెలియదు. మీ బడి కూడా మూసేశారని మన ఊరి మొగులయ్య కొడుకు చెప్పాడు. తిండికి ఇబ్బంది లేదు కదా?

సగం రోజులు మార్కెట్‌కు బండి పోవడం లేదు. కోతకొచ్చిన మరువం కోయలేదు. కోయకపోతే ఏమవుతుంది? పూసింది. మళ్ళన్నీ పూశాయి. నూకలు చల్లినట్టు సన్నటి తెల్లపూలు, కొమ్మకొమ్మకూ గుత్తులు గుత్తులుగా. తేనెటీగలు ఎక్కడి నుంచి వచ్చాయో, చెల్కంతా రొద. పంట పాడైందని మామ తల పట్టుకుంటాడనుకున్నాను. పోయి చూస్తే మడి పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"ఇన్నేండ్ల సాగుల దీన్ని పువ్వు దాంక ఎన్నడు రానియ్యలె బిడ్డా. ఆసన పోతదని కోసుడే కోసుడు. గింత మంచిగ పూస్తదని నాకు తెల్వనే తెల్వదు."

నేనూ పక్కన కూర్చున్నాను. కాసేపటికి నా వైపు చూడకుండానే అడిగాడు.

"దశరథం నిన్ను అడిగిండంట గద? ఆడే చెప్పిండు."

"అడిగిండు."

"నువ్వేమన్నవ్?"

"మామను ఇడిశి రాను అన్న."

"నన్ను సాకు పెట్టకు. నేనేమన్న గుంజకు కట్టేసిన్నా నిన్ను? ఇష్టముంటె ఉందను, లేకుంటె లేదను. నా పేరు మాత్రం చెప్పకు."

చేతికందిన పూలగుత్తి ఒకటి తుంచాను. "ఉంది మామా" అన్నాను.

ఆయన తలూపాడు. కళ్ళు తుడుచుకున్నాడు. మీ అన్నను తలుచుకుని "జగన్‌గాడుంటె..." అని మొదలుపెట్టి ఆపేశాడు. తర్వాత లేచి, "సమ్మె అయినంక పట్టాదారు కొడుకులు అస్తరు. ఈపాలి ఆగరు. తొండుపల్లిల దశరథానిది చెల్క ఉంది, బోరు ఉంది. ఈ మోళ్ళు ముదిరినయి, కొత్తగ కొమ్మలు నాటాలె. ముందుగాల చెట్లను తోలుదం. ఎనుక నువ్వు పో" అన్నాడు.

నా మాట నేనే ముందు ఆయనకు చెప్పాను ఈసారి. రెండోది నీకు చెబుతున్నాను.

సంతోషి


ఉట్నూరు,
12 ఫిబ్రవరి 2012

వదినా,

పెళ్ళికి సెలవు దొరకలేదని కార్డు రాశాను. అది అబద్ధం. సెలవు ఇచ్చారు. సంచీ సర్దుకుని ఉట్నూరు బస్టాండ్ దాకా వచ్చాను. హైదరాబాద్ బస్సు ఎదురుగా ఆగింది. ఎక్కలేకపోయాను.

నీకు మళ్ళీ పెళ్ళి కావాలని ముందు అన్నది నేనే. ఇప్పుడు ఏడుస్తున్నదీ నేనే. అన్న పోయినప్పుడు నువ్వున్నావు. సెలవులకు వస్తే తల దువ్వేదానివి, అన్న బట్టలు పెట్టెలో మడతపెట్టి ఉంచేదానివి. నువ్వు ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ అన్న ఎటో బండి వేసుకుని పోయినట్టే ఉండేది నాకు. నిన్ను ఆ మళ్ళ నుంచి బయటికి రమ్మన్నప్పుడు నేను ఇది ఆలోచించలేదు.

బాపు ఒక్కడే వండుకుంటున్నాడా? సెలవులకు నేను ఏ ఇంటికి రావాలి? ఇంకా చిన్నపిల్లలా ఒకటి అడుగుతాను, నవ్వకు. నిన్ను ఇప్పుడు ఏమని పిలవాలి? వేరే ఇంటి కోడలివి. వదినా అని ఏ వరుసన అనను? పైన రాయడమైతే అలవాటుకొద్దీ రాసేశాను.

పూర్ణిమ


తొండుపల్లి,
8 ఏప్రిల్ 2012

పూర్ణిమా,

నీ ఉత్తరం సాతంరాయి తిరిగి ఇక్కడికి వచ్చేసరికి ఆలస్యమైంది. బస్సు ఎక్కలేదని రాశావు. ఎక్కనందుకు బాధ లేదు. నాకూ ఆ పొద్దున గడప దాటుతుంటే కాలు కదల్లేదు. మీ అన్న ఫోటో నేను తెచ్చుకోవచ్చా అని అడిగితే దశరథమే మేకు కొట్టాడు.

మామ సంగతి అడిగావు. పెళ్ళయ్యాక రోజూ పొద్దున్నే సాతంరాయి నుంచి ట్రాలీలో వచ్చేవాడు. ఇక్కడ నాటిన కొమ్మలు వేళ్ళు పట్టాయా లేదా అని ఒక్కొక్కటీ కదిలించి చూసేవాడు. కదిలిస్తే వేళ్ళు తెగుతాయని ఊరంతటికీ చెప్పే మనిషి తానే కదిలించేవాడు! సాయంత్రం మళ్ళీ పోయి, చీకటింట్లో ఒక్కడే ఇంత వండుకునేవాడు. ఉండమని నేను అడిగితే, "కోడలి అత్తగారింట్ల మామ ఉంటడా? నవ్వుతరు" అనేవాడు.

ఒకరోజు దశరథం ఆయన్ను దింపడానికి పోయి, ఆయన మంచం, కొడవలి, గొంగడి బండిలో వేసుకుని వచ్చాడు. వెనకాల మామ తిట్టుకుంటూ కూర్చుని ఉన్నాడు.

"అడగకుంట మంచం ఎత్తుకస్తవా?" అని కేకలు.

"అడిగితె రానంటవ్ గద కాకా. గందుకే అడగలె" అన్నాడు దశరథం.

సాతంరాయిలో ఇప్పుడు ఇదే ముచ్చట. మొగులయ్య అయితే బజార్లో అందరి ముందూ అన్నాడట, "కోడలు మనువు పోతె మామ గూడ ఎంబడి పోయిండు" అని. మామ ఊరుకుంటాడా? "నేను కోడలి ఎంబడి పోలె. నా చెట్ల ఎంబడి పోయిన. నీకేమన్న పరేషానా?" అన్నాడట. ఇంటికొచ్చి మాకు చెప్పి, చెప్పి, నవ్వాడు. ఇప్పుడు ఇంటెనకాల మడికి ఆయనే మాలీ. తాహెర్‌కు కోసి ఇచ్చేటప్పుడు ఏ కొమ్మ ఎక్కడ కోయాలో దశరథానికి కూడా మందలింపులు.

నాకు భయాలు లేవని కాదు. ఈ ఊరివాళ్ళూ చూసే చూపులు చూస్తారు. కొత్త చెల్కలో మట్టి కొంచెం బంకగా ఉంది, వానాకాలం నీళ్ళు నిలుస్తాయేమో, కాలువలు తీయాలి. దశరథం తక్కువ మాట్లాడతాడు, నేను ఎక్కువ ఊహించుకుంటాను. నేర్చుకుంటున్నాం.

సెలవులకు ఏ ఇంటికి రావాలి అన్నావు. మీ బాపు మంచం ఉన్న ఇంటికి రా. శంషాబాద్‌లో దిగి కబురు చేస్తే దశరథం బండి తెస్తాడు.

ఇక పిలుపు సంగతి. దశరథం మీ బాపును మొదటి నుంచీ కాకా అనే పిలుస్తున్నాడు. ఆ లెక్కన నీకు అన్న వరుస. ఆ మాట నీ నోటికి వెంటనే రాదని నాకు తెలుసు. జగన్ చోటు ఎవరికీ ఇవ్వమని అడగను, నేనూ ఇవ్వలేదు. ఎప్పుడైనా నీ అంతట నీకు వస్తేనే పిలువు, రాకపోతే పేరు పెట్టి పిలువు, ఆయన పలుకుతాడు. కానీ వరుస వరుసే కదా పూర్ణిమా. ఆయన నీకు అన్న అయితే నేను ఎవరిని? ఎటు తిప్పి లెక్కగట్టినా అదే వస్తోంది.

నీ వదిన,
సంతోషి